గట్టు మీద దేవయ్య పాంటు

శుక్రవారం వచ్చిందంటే తలకు నూనె పెట్టుకుని స్నానం చేయడం, పప్పు వండుకుని తినడం, ఆపైన సాయంత్రం అసరు నమాజు పిలుపు వినపడేదాకా కాళ్లు చాపుకుని పడుకోవడం దేవయ్యకు అలవాటు. మస్కట్ దగ్గరి బర్కాలో, కంపెనీ రూముల్లో ఉండే తాపీ మేస్త్రీలందరి అలవాటూ అదే. ఆ శుక్రవారం మాత్రం ఆయన పెందలాడే లేచి, ఇస్త్రీ పాంటు తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గర తయారుగా నిలబడ్డాడు. ఇదేమి విడ్డూరమో చూద్దామని రూములో వాళ్లు దుప్పట్లలోంచి తలలు బయటపెట్టారు.

విడ్డూరం కాకపోతే ఏమిటి! ఆయన వెళ్తున్నది సైట్ ఇంజనీరు గంగాధరం వెంట. గంగాధరం అమలాపురం వైపు మనిషి. ప్రతి శుక్రవారం కారు నిండా తాళ్లూ హెల్మెట్లూ వేసుకుని కొండల్లోకి పోతాడు. శనివారం మోచేతులు గీరుకుపోయి, కుంటుకుంటూ, ఏదో గెలిచినవాడిలా నవ్వుకుంటూ డ్యూటీకి వస్తాడు. ఆ కొండల్లో ఏముంది? రూములో దీని మీద పెద్ద చర్చే నడిచింది. తేనె తీస్తున్నాడని ఒకరు, బంగారం తవ్వుతున్నాడని మరొకరు, రెండో కాపురం ఉండి ఉంటుందని ఇంకొకరు తేల్చారు. రెండో కాపురానికి హెల్మెట్ ఎందుకన్న ప్రశ్నకు మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. దేవయ్య అన్నం లేకపోయినా ఒక పూట ఉండగలడు గానీ, సంగతి తెలియకపోతే ఉండలేడు.

అయితే ఆయన బయల్దేరింది ఉబలాటం కొద్దీ మాత్రమే కాదు. ఊళ్లో కూతురు రజితకు నెలలు నిండాయి, తొలి కాన్పు. రజిత పుట్టినప్పుడు దేవయ్య ఇక్కడే గోడలు కడుతున్నాడు. ఆ పిల్లను ఆయన మొదటిసారి చూసేసరికి తప్పటడుగులు వేస్తోంది. ఎత్తుకోబోతే ఎవడో దొంగవాణ్ణి చూసినట్టు గుక్కపట్టి ఏడ్చి, తల్లి కొంగు వెనక దాక్కుంది. ఆ ఏడుపు ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు. ఈసారి పుట్టే బిడ్డ మొట్టమొదట చూసే ముఖాల్లో తన ముఖం ఉండి తీరాలని ఆయన ఆశ. మేనేజరేమో గురువారం సాయంత్రమే, "స్లాబు పడేదాకా లీవు మాటెత్తావంటే చూడు!" అని నలుగురిలో కసిరి పంపాడు. ఆ మేనేజరు చేత మాట మార్పించగల మనిషి కంపెనీలో గంగాధరం ఒక్కడే. ఎప్పుడూ తోడొచ్చే స్నేహితుడికి జ్వరం తగిలిందనీ, ఇంకెవరైనా వస్తారా అనీ ఆయన అడిగేసరికి దేవయ్య చెయ్యెత్తేశాడు.

"ఈతొచ్చా నీకు?" అన్నాడు గంగాధరం.

"ఏం మాట సార్! ధర్మపురి గోదాట్ల ఈదినోన్ని."

రాత్రి ఫోన్లో ఈ సంగతి విని భార్య కనకవ్వ ఆశ్చర్యపోయింది. "గా ఎడారిల పారే నీళ్లున్నయా?"

"ఉన్నయట. గది జూద్దామనే పోతున్న."

"ఉంటే ఇంకేంది! బిడ్డ పేరు మీద మంచిగ మునిగి తానం జెయ్యి. పసుపు కుంకుమ వెట్టి మొక్కు. సుకంగ కాన్పు గావాలె. మొక్కినంక ఫోన్ జెయ్యి, మర్సిపోకు."

బర్కా తోటలు దాటి, మైదానం దాటి కారు కొండల్లోకి వచ్చింది. అక్కడ చెట్టూ లేదు, చేమా లేదు. ఎవరో కొండల మీద పచ్చదనమంతా ఉలితో చెక్కేసినట్టుంది. కొండ దిగువన ఖర్జూరపు చెట్ల మధ్య చిన్న ఊరొచ్చింది. గంగాధరం తన కారు అక్కడ నీడన ఆపాడు. కమ్రాన్ అనే గైడు జీపుతో ఎదురుచూస్తున్నాడు. మస్కట్లో పుట్టిన బలూచీ మనిషి, ఉర్దూ గడగడా మాట్లాడతాడు. సామానంతా జీపులోకి మార్చారు. సారు కారు ఈ ఎత్తు ఎక్కలేదు గాబోలు, అందుకే కింద వదిలాం, స్నానం చేసుకుని మళ్లీ ఇదే జీపులో దిగివస్తాం, అని దేవయ్య తనంతట తానే లెక్క కట్టుకున్నాడు. అడిగి ఉంటే చెప్పేవారే. తెలిసిన విషయం ఎవరైనా అడుగుతారా?

జీపెక్కేముందు గంగాధరం కారు తాళం తీసి దేవయ్య చేతిలో పెట్టాడు. "ఇది నువ్వుంచవయ్యా. పోయిన నెల నేను మడుగులో పారేసి కారద్దం పగలగొట్టించుకున్నాను. నువ్వైతే బాధ్యత గల మనిషివి." కొంచెం ఆగి, "నీ లీవు సంగతి నాకు తెలుసులే. రేపు మేనేజరుతో నేను మాట్లాడతాను. ఇంత నమ్మకస్తుడికి లీవివ్వకపోతే ఎలా అంటాను" అన్నాడు.

దేవయ్యకు ఏనుగెక్కినంత సంబరమైంది. తాళాన్ని పాంటు లోపలి దొంగజేబులో వేసి, పైన పిన్నీసు పెట్టి, రెండుసార్లు తడిమి చూసుకున్నాడు.

కొండ మీద జీపు ఆగింది. దిగి నాలుగడుగులు వేశాక చప్పుడు వినపడింది. నీళ్ల చప్పుడు! బండల మధ్య నుంచి, అడుగున గులకరాళ్లు కూడా కనిపించేంత తేటగా నీళ్లు పారుతున్నాయి. దేవయ్య నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

"కమ్రాన్ భాయ్, గీ నీళ్లు ఏడికెల్లి వస్తున్నయి? పానీ కహా సే?"

"ఊపర్ సే," అన్నాడు కమ్రాన్, తాళ్లు విప్పుకుంటూ.

పైకి చూస్తే దేవయ్యకు ఉత్త ఆకాశం కనపడింది. అందులో మబ్బు తునక కూడా లేదు. కొండ కడుపులో దాక్కున్న వాననీరు ఇలా బయటికొస్తుందనీ, ఇలాంటి లోయను ఇక్కడ వాదీ అంటారనీ గంగాధరం చెప్పాడు. కొండకు కడుపెక్కడుందో, అందులో నీళ్లెవరు పోశారో ఇంకా అడగాలనుంది గానీ, ముందు కనకవ్వ చెప్పిన పని కావాలి. వాళ్లిద్దరూ బండ అవతల తాళ్లూ పట్టీలూ సర్దుకుంటుండగా దేవయ్య ఇవతల రేవు చూసుకున్నాడు.

రేవుకు పోయిన మనిషి ఏం చేస్తాడు? బట్టలు విప్పి గట్టు మీద పెడతాడు. దేవయ్య చెప్పులు పక్కపక్కన పెట్టాడు. ఇస్త్రీ పాడవకుండా పాంటు మడత మీద మడత వేసి బండ మీద పెట్టాడు. దాని మీద చొక్కా, చొక్కా మీద ఫోను పెట్టాడు. ఒడ్డున రాయికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నీళ్లలో ఒక నాణెం వేశాడు. "అవ్వా, గంగవ్వా, నువ్వు ఏ దేశంల పారినా గంగవ్వవే. నా బిడ్డను సల్లగ జూడు. నన్ను గూడ ఆ బిడ్డ దగ్గరికి పంపియ్యి" అని మొక్కి మునిగాడు. నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి.

"దేవయ్యా, రెడీయా?" అని సారు పిలిచాడు. లాగూ బనీనుతో, మెడలో తువ్వాలుతో తడిసి వచ్చిన దేవయ్యను చూసి, "అబ్బో, ముందే తడిసి వచ్చావా! తెలివైనవాడివే" అని మెచ్చుకున్నాడు. దేవయ్యకు హెల్మెట్ పెట్టి, తేలే జాకెట్ తొడిగి, నడుముకు పట్టీలు బిగించారు. తడికి ఆగే రబ్బరు బూట్లు కూడా ఇచ్చారు. స్నానానికి ఇంత అలంకారం దేనికో దేవయ్యకు బోధపడలేదు. కమ్రాన్ నీళ్లు దూరని రబ్బరు సంచీ తెరిచి పట్టుకున్నాడు.

"తడవకూడనివి ఏవైనా ఉంటే ఇందులో వెయ్యి," అన్నాడు గంగాధరం.

దేవయ్య ఆలోచించాడు. తడవకూడనివి గట్టు మీద ఉన్నాయి. గట్టు మీద ఉన్నవి ఎలా తడుస్తాయి? తన సంచీ జీపులో పడేసి, టిఫిన్ డబ్బా ఒక్కటి అందులో వేశాడు.

కాస్త ముందుకు పోతే వాగు ఒక్కసారిగా అంచు మీద నుంచి కిందికి దూకింది. అక్కడ బండకు బిగించిన ఇనుప కొక్కేనికి తాడు తొడిగి, ఒకరి తర్వాత ఒకరు జలపాతం పక్కగా దిగారు. దేవయ్యకు గోడలు కట్టేటప్పుడు సారువ కర్రల మీద నుంచి దిగిన అలవాటు ఉంది కాబట్టి భయపడలేదు. పైగా, "సార్, గిది మస్తుగున్నది! గిందుకేనా మీరు శుక్రారం శుక్రారం ఉరుకుతరు!" అని కింది నుంచి కేక వేశాడు. ఆఖరుగా దిగిన కమ్రాన్ తాడు ఒక కొస పట్టి లాగాడు. తాడంతా సరసరా జారి వాళ్ల కాళ్ల దగ్గర పడింది.

"సార్, తాడు గుంజిండేంది? మల్ల మనం ఎట్ల ఎక్కుతం?"

"ఎక్కడమేంటయ్యా? ఇంక ఎక్కేది లేదు. ఇలా దిగుకుంటూ పోయి, సాయంత్రానికి నా కారు దగ్గర తేలతాం. అక్కణ్ణుంచి నా కారులో వచ్చి జీపు తీసుకుంటాం."

దేవయ్య చెయ్యి తనకు తెలియకుండానే దొంగజేబు వైపు పోయింది. అక్కడ జేబు లేదు, పాంటే లేదు. తల ఎత్తి చూశాడు. మనిషెత్తుకు అయిదింతలు నున్నని బండ, దాని మీద నుంచి దూకుతున్న నీళ్లు.

"ఏంటయ్యా అలా తెల్లబోయావు? భయమేసిందా?"

"లేదు సార్... గట్టు..." అని మొదలుపెట్టాడు. ఇంతలో గంగాధరం భుజం తట్టి, "నిన్ను తీసుకురావడం ఎంత మంచిదైందో తెలుసా? ఇంకొకడైతే ఈపాటికి ఏదో ఒకటి పారేసి ఉండేవాడు" అన్నాడు. దేవయ్య హెల్మెట్ పట్టీ సవరించుకున్నాడు. ఇప్పుడు చెబితే రేపటి సిఫారసు గోవిందా. సాయంత్రానికి ఏదో ఒక దారి దొరక్కపోతుందా అనుకున్నాడు.

దారి కోసం ఆయన పడని పాటు లేదు. "కమ్రాన్ భాయ్, గట్టు మీదికి పక్క నుంచి తొవ్వ లేదా? ఊపర్ రాస్తా?" అని అడిగితే, మేకలు మాత్రం ఎక్కుతాయని వాడు సైగ చేశాడు. రెండో దిగుడు దగ్గర, "సార్, మీ కారుకు ఇంకో చావి ఉంటదా?" అని మెల్లగా వాకబు చేశాడు. "ఉందయ్యా, అమలాపురంలో మా ఆవిడ బీరువాలో" అని నవ్వి, "తాళం మీద ఎంత ధ్యాసయ్యా నీకు!" అని సారు మరింత పొంగిపోయాడు. మూడో దిగుడు దగ్గర అసలు సంగతి చెప్పేద్దామని, "సార్, ఒక మాట" అని నోరు తెరిచాడు. "దూకాక చెబుదువు గాని" అని సారు మడుగులోకి తోసేశాడు. పైకి తేలేసరికి నోటి నిండా నీళ్లే. ఈయన పెదవులు కదులుతుండటం చూసి, జపం చేస్తున్నాడనుకుని కమ్రాన్ గౌరవంగా పక్కకు తప్పుకున్నాడు.

ఆ తర్వాత లోయ ఇరుకైపోయింది. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతున్నాయి. నీళ్లు ఆకుపచ్చగా, నిద్రపోతున్నట్టు ఉన్నాయి. ఆకాశం పైనెక్కడో సన్నటి పేలికంత కనపడుతోంది. గోడలు ఎవరో చేత్తో అలికినట్టు నున్నగా, వంపులు వంపులుగా ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా గోడలకు ప్లాస్టరు చేస్తున్న దేవయ్య వాటిని అరచేత్తో రాసి చూసి, "గింత నున్నగ ఎవలు జేసిన్రు సార్?" అని అడిగాడు. నీళ్లే చేశాయన్నాడు గంగాధరం. చిన్న చేపలు వచ్చి మోకాళ్లు గిల్లుతున్నాయి. దేవయ్య వాటిని చూస్తూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. పాంటూ, తాళమూ, మేనేజరూ కాసేపు జ్ఞాపకం రాలేదు.

ఈలోగా పైన గట్టు మీద జరిగింది వేరు. బర్కాలో దర్జీ కొట్టు నడిపే నసీరుద్దీన్, హైదరాబాదు మనిషి, పెళ్లాం పిల్లలతో బిర్యానీ డబ్బాలు తీసుకుని అక్కడికి వచ్చాడు. ఒడ్డున చూస్తే చెప్పులు, మడత పెట్టిన బట్టలు, పసుపు కుంకుమలు ఉన్నాయి. మనిషి లేడు. పిలిస్తే పలుకు లేదు. జీపు నిలిపింది బండ చాటున కాబట్టి అదీ ఆయన కంట పడలేదు. అంతలో బట్టల మీది ఫోను మోగింది.

"తానం అయిందా?" అంది కనకవ్వ.

"అమ్మా, నేను వేరే మనిషిని, నసీరుద్దీన్ అంటరు. ఈ ఫోనాయన ఈడ లేడమ్మా. బట్టలైతే ఉన్నయి."

"బట్టలున్నయా? ఎట్లున్నయి?"

"మంచిగ మడత వెట్టి ఉన్నయమ్మా."

అంతే, కనకవ్వ గొల్లుమంది. "అయ్యో! నా పెండ్లయిన కాడ్నుంచి ఒక్కనాడు బట్ట మడత వెట్టిన మనిషి గాదు! నిన్న లీవు ఇయ్యనన్నరని మస్తు రంది వడ్డడు! నేనే ముంచుకున్న, నేనే మునుగుమన్న!" ఆ ఏడుపు విని వాడకట్టంతా ఆ ఇంటి ముందు చేరింది.

నసీరుద్దీన్ బిర్యానీ డబ్బాలు పక్కకు నెట్టాడు. ముందు పోలీసులకు చెప్పాడు. తర్వాత దేవయ్య ఫోన్లోనే వెతికి అతని మేనేజరు నంబరుకు చేశాడు. ఆ ఫోనుకు లాక్ లేదు, లాక్ పెడితే దేవయ్యకే తెరవడం రాదు. మేనేజరు నెల్లూరు వాడు, తెలుగు మనిషే. నసీరుద్దీన్ కాస్త గట్టిగానే అడిగాడు. "మీ మనిషి బట్టలు నీళ్ల కాడ ఉన్నయి సాబ్, మనిషి లేడు. నిన్న మీరేమన్నరు ఆయన్ని?"

మేనేజరు లెక్క వేసుకున్నాడు. నిన్న తను కసరడం నలుగురు విన్నారు. ఆ నలుగురూ ఇప్పటికే నలభైమందికి చెప్పి ఉంటారు.

లోయలో ఈ ముగ్గురూ రెండు గోడల మధ్య నుంచి వెలుగులోకి వచ్చేసరికి నెత్తిమీద హెలికాప్టరు తిరుగుతోంది. "ఎవడో బాధ్యత లేనివాడు ఎక్కడో ఇరుక్కుని ఉంటాడు. వాడి కోసం ఎంతమందికి శ్రమో చూడు" అని గంగాధరం చిరాకుపడ్డాడు. దేవయ్యకు హెలికాప్టరును అంత దగ్గరగా చూడడం అదే మొదలు. బండ మీదికెక్కి రెండు చేతులూ ఊపి, మెడలోని తువ్వాలు కూడా తిప్పాడు. నీట మునిగిన ఒంటరి మనిషి కోసం వెతుకుతున్నవాళ్లు, హెల్మెట్లు పెట్టుకుని ఉల్లాసంగా ఉన్న ముగ్గురిని చూసి ముందుకు సాగిపోయారు.

పొద్దు వాలుతుండగా ఖర్జూరపు తోట కనపడింది. కారు కనపడింది. కారు అద్దంలోంచి పొడి బట్టలూ, మంచినీళ్ల పెట్టె కూడా స్పష్టంగా కనపడ్డాయి.

"తాళం ఇవ్వవయ్యా," అన్నాడు గంగాధరం చెయ్యి చాపి.

దేవయ్య లాగూ తడుముకున్నాడు. "సార్, చావి పాంటుల ఉన్నది."

"పాంటేదీ?"

"గట్టు మీద ఉన్నది."

"ఏ గట్టు మీద?"

దేవయ్య వెనక్కి తిరిగి కొండ కొన చూపించాడు. గంగాధరం ఆ కొన వైపు చూశాడు, కారు వైపు చూశాడు, మళ్లీ కొన వైపు చూశాడు. కమ్రాన్ అక్కడికక్కడే నీడ చూసుకుని పడుకున్నాడు.

"పొద్దున్న వదిలేసి, ఇంతసేపూ చెప్పలేదా! నీళ్లలోకి దిగేవాడు బట్టలక్కడ పారేసి వస్తాడా ఎవడైనా?"

"అందరు గట్లనే జేస్తరు గద సార్! దిగిన కాడ్నే ఎక్కుతరు గద! దిగిన కాడ ఎక్కని రేవు నేనేడ జూడలే!"

"రేపు మేనేజరు దగ్గర చెబుతానుండు నీ సంగతి! లీవు లేదు, గీవు లేదు!"

దేవయ్య నేల మీద కూలబడ్డాడు. రజిత బిడ్డ కూడా ఇక తనను చూసి ఏడ్చేదే, కొంగు చాటున దాక్కునేదే. కళ్లలో నీళ్లు తిరిగాయి. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు గానీ తువ్వాలు కూడా తడిగానే ఉంది.

అప్పుడే పోలీసు జీపొకటి దుమ్ము లేపుకుంటూ తోటలోకి వచ్చింది. దిగిన అధికారి చేతిలో ఒక సంచీ ఉంది. లోయలో ఒక మనిషి మునిగిపోయాడనీ, దారిలో ఎక్కడైనా శవం తగిలిందా అనీ అరబ్బీలో అడిగాడు. కమ్రాన్ లేచి ఆ మాటలు ఉర్దూలోకి మార్చేలోపే అధికారి సంచీలోంచి పాంటు తీసి చూపించాడు.

"నా పాంటే! నా పాంటే!" అని దేవయ్య దాన్ని లాక్కుని దొంగజేబు తడిమాడు. "చావి ఉన్నది సార్! ఇస్త్రీ గూడ చెడలే!"

ఎవరికి ఎంత అర్థమైందో గానీ, కమ్రాన్ మొదటి నుంచీ విడమర్చి చెప్పాక ఆ అధికారి నవ్వాపుకోలేక జీపు తలుపు పట్టుకున్నాడు. ఫోను తిరిగి ఇవ్వగానే అది మోగింది. మేనేజరు. దేవయ్య స్పీకరు నొక్కాడు.

"దేవయ్యా! ఉన్నావా నాయనా?"

ఆ మనిషి నోట నాయనా అన్న మాట దేవయ్య ఎన్నడూ వినలేదు. తప్పు నంబరేమోనని ఫోను వంక చూశాడు.

"నీకు ఇంత మనోవ్యథ ఉందని నాకు తెలియదయ్యా. లీవు ఇచ్చేస్తున్నా. నెల రోజులు పోయి రా."

దేవయ్యకు చలికి పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఇంకా కోపమేనా? సరే, రెండు నెలలు. రేపే టికెట్టు తీయిస్తా. మాట్లాడవయ్యా బాబూ!"

"సార్... నేను... ఉత్తగ తానానికి దిగిన సార్—"

"ఏమీ చెప్పొద్దు! నాకన్నీ తెలుసు. రూమువాళ్లు చెప్పారు, గంగాధరం ఉన్నాడా అక్కడ? ఫోనివ్వు. ఏమయ్యా గంగాధరం, ఈ మనిషి ఇలా ఉన్నాడని నీకు తెలుసా?"

గంగాధరం ఒక్క క్షణం ఆలోచించాడు. తెలియదంటే, కూలివాణ్ణి కొండల్లోకి ఎందుకు తీసుకెళ్లావన్న ప్రశ్న వస్తుంది. "తెలుసు సార్," అన్నాడు, "అందుకే మనసు కుదుటపడుతుందని వెంటబెట్టుకొచ్చాను."

"మంచి పని చేశావయ్యా! ఇంత బాధ్యత గలవాడివని నాకు తెలియలేదు. అతను తిరిగొచ్చేదాకా అతని పని కూడా నువ్వే చూసుకో. శుక్రవారాలతో సహా."

గంగాధరం నోరు తెరిచాడు గానీ అవతల ఫోను పెట్టేశారు. కారు తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చుని, చాలాసేపు కొండల వైపే చూస్తూ ఉండిపోయాడు.

దేవయ్య పాంటు తొడుక్కుని కనకవ్వకు ఫోను చేశాడు. గొంతు వినగానే ఆవిడ బావురుమంది. తర్వాత ముక్కు చీదుకుని, బట్టలు మడత పెట్టినందుకు తిట్టింది. చుట్టూ చేరిన వాడకట్టు కూడా తలా ఒక తిట్టు తిట్టింది. అంతా అయ్యాక దేవయ్య, రెండు నెలలు లీవు దొరికిందనీ, రేపే టికెట్టనీ, బిడ్డ పుట్టే యాళ్లకు ఇంట్ల ఉంటాననీ చెప్పాడు. చెబుతూ ఏడ్చేశాడు. అవతల కనకవ్వ మళ్లీ ముక్కు చీదుకుంది.

"గీ తానమేదో పోయినేడే జేసి ఉంటే," అంది కనకవ్వ చివరికి, "మా తమ్ముని పెండ్లికన్న అందుతుంటివి గదయ్యా."